షుగర్ పేషెంట్ మాట వినడం లేదా? నర్సింగ్‌లో కొన్ని అపోహలు - వాస్తవాలు

షుగర్ అదుపులోకి రాని పేషెంట్ గురించి వార్డులో తరచూ వినిపించే మాట: "ఆయన మాట వినరండీ." ఒకే మందు, ఒకే డోసు, ఒకే డైట్ చార్ట్ ఇచ్చినా ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయలేదని వెతికితే, మొండితనం కన్నా వేరే కారణాలే ఎక్కువగా బయటపడతాయి. చూపు, వేళ్ల పట్టు, వయసు, కిడ్నీలు, డబ్బు, భయం... వైద్యాన్ని ఇవన్నీ మార్చేస్తాయి. వీటిని ముందుగా కనిపెట్టే అవకాశం నర్సుకే ఎక్కువ.

అపోహ: తల ఊపారంటే అర్థమైనట్టే.

వాస్తవం: డిశ్చార్జ్ రోజున "అర్థమైందా?" అని అడిగితే లేదనేవాళ్లు దాదాపు ఉండరు. ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్దామా అన్న తొందరలో ఉంటారు. ఆ ప్రశ్న మానేసి, "ఇంట్లో సూది ఎలా వేసుకుంటారో నాకోసారి చేసి చూపించండి" అనండి. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. ఇన్సులిన్ పెన్ను మీద డోసు అంకె కనపడక అందాజాగా తిప్పేవాళ్లుంటారు. సూది మీది లోపలి చిన్న మూత తీయకుండానే నొక్కేవాళ్లుంటారు. మందంతా ఆ మూతలోనే ఉండిపోతుంది. బటన్ నొక్కగానే సూది లాగేసేవాళ్లకు పది లెక్కపెట్టేదాకా ఆగాలని ఎవరూ చెప్పి ఉండరు.

చేసి చూపించాక పొట్ట మీద వేళ్లతో తడిమి చూడండి. ఏళ్ల తరబడి ఒకేచోట పొడుచుకుంటే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. కంటికి కనిపించకపోయినా రబ్బరులా చేతికి తగులుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పేషెంట్ మళ్లీ అదే చోటు వెతుక్కుంటారు. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు బాగా ఎక్కుతుంది, ఇంకోరోజు ఎక్కదు. రీడింగులు ఎగుడుదిగుడుగా వస్తుంటే డాక్టర్ డోసు పెంచుతారు. అందుకని గడ్డ కనిపించగానే "చోటు మార్చండి" అని చెప్పి ఊరుకోకూడదు. మంచి చర్మంలో అదే డోసు వేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ముందు డాక్టర్‌కు చెప్పి, డోసు సరిచూసుకున్నాకే చోటు మార్పించాలి. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య కనీసం ఒక వేలి వెడల్పంత దూరం ఉండాలి.

అపోహ: ఎవరికైనా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 7 శాతం లోపే ఉండాలి.

వాస్తవం: చాలామంది పెద్దలకు అదే లక్ష్యం. కానీ బాగా నీరసించిన వృద్ధులకు, మతిమరుపు ముదిరినవాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు 8 దాకా ఉన్నా పర్వాలేదంటారు. వాళ్లకు ఎక్కువ షుగర్ కన్నా తక్కువ షుగరే పెద్ద ప్రమాదం. కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరగొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పాత డోసే ఎక్కువైపోతుంది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఈ పరీక్షలో అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. మీటర్ రీడింగులతో పోల్చకుండా ఆ ఒక్క అంకెతోనే పేషెంట్‌ను నిలదీయడం అన్యాయం.

అపోహ: షుగర్ పడిపోతే ఎవరికైనా తెలిసిపోతుంది.

వాస్తవం: ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో వణుకు, దడ లాంటి హెచ్చరికలు మొద్దుబారవచ్చు. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు దడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. అందుకే 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష అన్న పాఠం ఇంట్లోవాళ్లకీ నేర్పాలి. స్పృహలో లేనివారి నోట్లో ఏదీ పోయకూడదని కూడా అప్పుడే చెప్పాలి.

అపోహ: ఇన్సులిన్ రాశారంటే ఇక ఆఖరి దశే.

వాస్తవం: ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగర్‌లో ఏళ్లు గడిచేకొద్దీ క్లోమం ఇన్సులిన్ తయారుచేసే శక్తి తగ్గుతుందని బ్రిటన్‌లో జరిగిన, 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనం చూపించింది. సూది అవసరమవడం పేషెంట్ తప్పేమీ కాదు. ఈ భయాన్ని పెంచడంలో మన రంగానికీ వాటా ఉంది. "పథ్యం చేయకపోతే సూదే గతి" అని బెదిరించిన నోటితోనే తర్వాత సూది మంచిదంటే ఎలా నమ్ముతారు? బంధువుల్లో ఎవరికో ఇన్సులిన్ మొదలయ్యాకే కాలు తీసేశారన్న జ్ఞాపకం ఉండొచ్చు. దేనికి భయపడుతున్నారో ముందు అడగండి.

అపోహ: డబ్బు సంగతి నర్సు అడగకూడదు.

వాస్తవం: మందు పొదుపుగా వాడుకునే పేషెంట్ ఆ మాట తనంతట తాను చెప్పరు. "మందు అయిపోయి మానేసిన రోజులున్నాయా? చాలామందికి అలా జరుగుతుంది" అంటే చెప్తారు. పొదుపు కోసం చేతికందిన సిరంజితోనే సరిపెట్టుకుంటూ ఉండొచ్చు కాబట్టి దాన్ని కూడా తెప్పించి చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న సీసా నుంచి 100 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. తారుమారైతే 20 అనుకున్నది 50 అవుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: మొదట్లో ఒకసారి నేర్పితే చాలు.

వాస్తవం: జబ్బు బయటపడినప్పుడు, తర్వాత ఏటా, కొత్త సమస్య వచ్చినప్పుడు, జీవితంలోనో వైద్యంలోనో మార్పు వచ్చినప్పుడు మళ్లీ కూర్చోవాలి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన పేషెంట్‌నే చూడండి. పొద్దున వేసుకునే స్టెరాయిడ్‌తో షుగర్ మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువ పెరుగుతుంది. పరగడుపు రీడింగ్ మాత్రమే రాసుకోవడం అలవాటైనవారికి అది కనిపించదు. ఏ పూట పరీక్ష చేసుకోవాలో కొత్తగా చెప్పి, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి.