ఫుజి-హకోనె-ఇజు నేషనల్ పార్క్: అపోహలు, వాస్తవాలు

జపాన్ ట్రిప్ వేసుకునే మనవాళ్లు చాలామంది ప్లాన్‌లో 'ఒక రోజు ఫుజి' అని రాసుకుంటారు. దయచేసి ఆ లైను కొట్టేసి, ఇది చదివాక మళ్లీ రాసుకోండి.

అపోహ: గేటు దగ్గర టికెట్ కొని లోపలికి వెళ్లే పార్కు ఇది.

గేటు లేదు, పార్కుకంటూ ప్రవేశ రుసుమూ లేదు. 1936లో ఫుజి పర్వతం, హకోనె కొండ ప్రాంతాలతో మొదలైంది. 1955లో ఇజు ద్వీపకల్పం, 1964లో ఇజు దీవులు కలిశాయి. ఊళ్లు, హోటళ్లు, రైలు మార్గాలు కూడా దీని హద్దుల్లోనే ఉన్నాయి. నాలుగు భాగాలూ దూరదూరంగా ఉంటాయి కాబట్టి దేనికి దానికి వేరే రోజులు పెట్టుకోవాలి. గేటు లేదు కదా అని లావా రాయి జేబులో వేసుకోకండి. ప్రత్యేక రక్షిత ప్రాంతాల్లో రాలిన ఆకు తీసుకెళ్లినా నేరమే.

అపోహ: ఒంట్లో సత్తువ ఉంటే రాత్రికి రాత్రే ఫుజి ఎక్కి, సూర్యోదయం చూసి దిగిపోవచ్చు.

కాళ్లు ఒప్పుకున్నా తల ఒప్పుకోదు. 3,776 మీటర్ల శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండొంతులకు మించదు. ఫుజి ఎక్కే నాలుగు దారుల్లో ఒకటైన యోషిదాలో బస్సు దింపే ఐదో స్టేషనే (దారిలోని మజిలీలను స్టేషన్లంటారు) సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. బస్సు దిగగానే ఎక్కడం మొదలుపెట్టకండి. కనీసం గంటసేపు అక్కడే తిరుగుతూ ఒంటిని అలవాటు పడనివ్వండి. ఎక్కడానికి సుమారు 6 గంటలు, దిగడానికి 4 గంటలు పడుతుంది. ఏడో స్టేషన్ దగ్గరో ఎనిమిదో స్టేషన్ దగ్గరో హట్‌లో (కొండ మీది బసలో) నిద్రపోయి, అర్ధరాత్రి దాటాక బయల్దేరడమే సరైన పద్ధతి. తలనొప్పికి వికారం తోడైతే కిందికి దిగడమే మందు. చిన్న ఆక్సిజన్ డబ్బా ఇచ్చేది కొద్ది నిమిషాల ఊరటే.

పైగా ఇప్పుడు నిబంధనలూ ఒప్పుకోవు. 2025 నుంచి నాలుగు దారుల్లోనూ మనిషికి 4,000 యెన్ల రుసుము ఉంది. హట్ బుకింగ్ లేనివాళ్లను మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 వరకు పైకి వదలరు. యోషిదా దారి జూలై 1న, షిజువోకా వైపు మూడు దారులు జూలై 10న తెరుచుకుంటాయి. సెప్టెంబర్ 10తో సీజన్ అయిపోతుంది.

దిగేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. యోషిదా, సుబాషిరి దారులు శిఖరం నుంచి కొంత దూరం కలిసే వచ్చి, ఎనిమిదో స్టేషన్ దగ్గర చీలతాయి. యోషిదా బోర్డులు పసుపు రంగు, సుబాషిరివి ఎరుపు. నిద్రలేమితో ముందువాళ్ల వెనకే నడిచేవాళ్లు అక్కడ ఎరుపు దారి పట్టి, కొండకు అవతలి వైపు తేలతారు. అప్పుడు బస్సూ తప్పుతుంది, లాకర్‌లో పెట్టిన సామానూ అందదు. ఆ చీలిక దగ్గర ఆగి, బోర్డు రంగు చూశాకే అడుగు వేయండి.

అపోహ: ఆగస్టులో స్వెటర్ ఎందుకు?

ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. టోక్యో ఉక్కపోతలో ఉన్న రోజు కూడా తెల్లవారుజామున శిఖరం మీద 5 డిగ్రీల లోపే ఉండొచ్చు, దానికి ఈదురుగాలి తోడు. గొడుగు పనికిరాదు. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే రెయిన్ సూట్, చీలమండ కప్పే బూట్లు, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. టాయిలెట్లకు 100 యెన్ల నాణేలు దగ్గర పెట్టుకోండి.

అపోహ: అగ్నిపర్వత హెచ్చరిక స్థాయి 1 (అన్నిటికన్నా తక్కువ స్థాయి) అంటే ప్రమాదం లేనట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. 2014 సెప్టెంబర్‌లో ఒంతకె పర్వతం (ఈ పార్కులోది కాదు) స్థాయి 1లో ఉండగానే పేలింది. 58 మంది చనిపోయారు, మరో 5 మంది ఆచూకీ దొరకలేదు. అప్పటిదాకా స్థాయి 1కి 'సాధారణం' అని ఉన్న వివరణను 2015లో 'క్రియాశీల అగ్నిపర్వతమని గుర్తుంచుకోండి' అని మార్చారు. బయల్దేరే రోజు ఉదయం జపాన్ వాతావరణ సంస్థ పేజీ చూడండి. బిలం చుట్టూ నడిచేటప్పుడు, కాంక్రీటు షెల్టర్ ఉంటే అది ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

అపోహ: హకోనెలోని ఓవకుదాని అగ్నిపర్వత లోయ పొగ వట్టి ఆవిరే.

అందులో హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్ ఉంటాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అక్కడికి వెళ్లకూడదు. వాయువులు పెరిగినా, గాలి ఎక్కువైనా అక్కడికి వెళ్లే రోప్‌వే ఆపేస్తారు. బదులు బస్సులు నడుపుతారు గానీ సమయం బాగా పడుతుంది. అక్కడ అమ్మే నల్ల గుడ్లకు రంగేమీ వేయరు. వేడి ఊట నీటిలో ఉడికేటప్పుడు ఇనుము పెంకుకు పట్టి, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి నల్లబడుతుంది. ఒలిస్తే లోపల మామూలు తెల్ల గుడ్డే.

అపోహ: శాకాహారం అని చెబితే సర్దుతారు.

కొండ మీద హట్‌లలో దొరికేది చాలావరకు మాంసం కలిసిన కర్రీ రైస్. మిసో సూప్‌లోనూ సాధారణంగా చేపల రసం ఉంటుంది. మీ ప్యాకెట్లు మీరే మోసుకెళ్లండి, చెత్త కూడా మీరే కిందికి తేవాలి.

అపోహ: ఇజు దీవులకు అంత దూరం వెళ్లడం కష్టం.

వాటిలో ఒకటైన ఓషిమా దీవికి టోక్యోలోని తకెషిబా రేవు నుంచి జెట్ ఫెర్రీలో సుమారు గంటా నలభై అయిదు నిమిషాలే. రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. 1986లో అక్కడి మిహరా పర్వతం పేలి దీవి మొత్తాన్ని ఖాళీ చేయించింది. 758 మీటర్ల ఆ పర్వతం మీద, అప్పటి నల్లటి లావా పక్కనుంచే ఇప్పుడు బిలం అంచు దాకా నడిచి వెళ్లొచ్చు. మా దృష్టిలో పార్కు మొత్తంలో అగ్నిపర్వతాన్ని ఇంత దగ్గరగా చూపించే చోటు ఇదే. జాగ్రత్త పడాల్సింది ఓడ విషయంలో. ఓషిమాలోని మోతోమచి, ఒకాదా రేవుల్లో ఓడ దేనికి వస్తుందో అలలను బట్టి ఆ రోజు ఉదయమే ప్రకటిస్తారు. గదికీ, బస్సుకీ, తిరుగు ఓడకీ ఆ ప్రకటనే ఆధారం. తుఫాను రోజుల్లో ఓడలు పూర్తిగా రద్దవుతాయి కాబట్టి, దీవి నుంచి తిరిగొచ్చే రోజుకీ ఇండియా విమానానికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.