స్కిజోఫ్రెనియా తొలి దశ, ఎలుక మెదడులో డోపమైన్: ఇక్కడిదాకా ఎలా వచ్చాం

తీవ్రమైన మానసిక జబ్బు స్కిజోఫ్రెనియా మీద ప్రాజెక్టు అనగానే విశాఖలో ఫార్మకాలజీ పీజీ విద్యార్థికైనా, మరో ఊళ్లో చదివేవాళ్లకైనా ముందు గుర్తొచ్చేది యాంఫెటమైన్ పరీక్షే. నరకణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడులో పెంచే మందు అది. ఎలుకకు మందిచ్చి, బాక్సులో ఎంత దూరం తిరిగిందో కొలుస్తారు. మందులు ఎలా పనిచేస్తాయన్న ప్రశ్న నుంచి పుట్టిన పద్ధతి ఇది. జబ్బు ఎలా మొదలవుతుందని అడిగితే తడబడుతుంది.

1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు మానసిక రోగులకు క్లోర్‌ప్రోమజీన్ ఇచ్చి చూశారు. గుణం కనిపించింది, కారణం మాత్రం అంతుపట్టలేదు. ఆ కారణం వెతకడంలో మన సర్పగంధి వేరుకూ వాటా ఉంది. దాన్నుంచి తీసిన రిసర్పిన్ ఇస్తే కుందేళ్లు కదలకుండా పడి ఉండేవి. 1957లో శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి ఒంట్లో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. 1963లో ఆయనే లిండ్‌క్విస్ట్‌తో కలిసి, క్లోర్‌ప్రోమజీన్, హాలోపెరిడాల్ ఇచ్చిన చిట్టెలుకల మెదడులో డోపమైన్ విరిగితే వచ్చే పదార్థాలు పెరుగుతున్నాయని చూపించారు. 1970ల మధ్యలో సీమన్, స్నైడర్ బృందాలు వేర్వేరుగా ఒకే సంగతి తేల్చాయి: డీ2 రిసెప్టర్‌కు (నరకణం మీద డోపమైన్‌ను అందుకునే చోటు) గట్టిగా అతుక్కునే మందు తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది. డోపమైన్‌ను అడ్డుకుంటే జబ్బు తగ్గుతోంది కదా, మరి యాంఫెటమైన్‌తో దాన్ని పెంచితే జంతువులో జబ్బు నమూనా వచ్చినట్టే అనుకున్నారు.

పరీక్ష చేయడం తేలికే. బాక్సుకు అలవాటు పడేందుకు ఎలుకకు 30 నిమిషాలిచ్చి, కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా. ఇంజెక్షన్ చేసి, గంటన్నర రికార్డు చేస్తారు. చిక్కు మోతాదు దగ్గర వస్తుంది. 5 మి.గ్రా. ఇస్తే ఎలుక తిరగడం మానేసి, ఒక్కచోటే వాసన చూస్తూ, నాకుతూ, కొరుకుతూ ఉండిపోతుంది. సాఫ్ట్‌వేర్ లెక్కించేది దూరమే కాబట్టి గ్రాఫు పడిపోతుంది. వీడియో చూడనివాళ్లు డోపమైన్ తగ్గిందని రాసేస్తారు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. యాంఫెటమైన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి వస్తుంది, అనుమతుల తతంగం తప్పదు. బదులుగా అపోమార్ఫిన్ వాడొచ్చు. అయితే అది నేరుగా రిసెప్టర్ మీద పనిచేస్తుంది. నరకణం డోపమైన్‌ను ఎంత తయారుచేస్తోంది, ఎంత వదులుతోంది అన్నది దానితో తెలియదు. తొలి దశలో తేలాల్సింది సరిగ్గా అదే.

ఎదుగుదల వైపు చూపు మళ్లింది 1990ల్లో. 1993లో లిప్‌స్కా, వైన్‌బర్గర్ వారం వయసు ఎలుకపిల్లల మెదడులో హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) కింది వైపును దెబ్బతీస్తే, 35 రోజుల వయసులో తేడా కనిపించలేదు, 56 రోజులకు కనిపించింది. జబ్బు కూడా యవ్వనంలోనే బయటపడుతుంది కదా! తర్వాత గర్భం 17వ రోజున తల్లికి మామ్ అనే రసాయనం ఇచ్చే నమూనా, వైరస్ సోకిన భ్రమ కలిగించే పాలీ ఐ:సీ నమూనా వచ్చాయి. రెండోది చవకే గానీ బ్యాచ్ మారితే బలం మారుతుంది. కొత్త సీసా తెరిచినప్పుడల్లా ముందు కొద్దిమంది తల్లుల్లో జ్వరం, బరువు చూసుకోవాలి.

2009లో లండన్‌లో హౌస్ బృందం మనుషుల మెదడుకు చేసిన పెట్ స్కాన్లు లెక్క మార్చాయి. జబ్బు పూర్తిగా బయటపడకముందే డోపమైన్ తయారీ పెరిగి ఉంది, అదీ మెదడు లోపలి స్ట్రయేటమ్‌లో ఆలోచనకు సంబంధించిన భాగంలో. ఎలుక పరుగు ఎక్కువగా చెప్పేది న్యూక్లియస్ అకంబెన్స్ అనే మరో భాగం సంగతి. అంటే ఇన్నేళ్లూ పక్క వీధిలో వెతికినట్టే. దానికి జవాబుగా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ బృందం 2019లో ఈడిప్స్ నమూనా ప్రకటించింది. యవ్వనంలోకి వస్తున్న ఎలుక మెదడులో డోపమైన్ నరకణాలుండే సబ్‌స్టాన్షియా నైగ్రాలోకి వైరస్ ద్వారా డోపమైన్ తయారీ ఎంజైముల జన్యువులను పంపుతారు.

ఏ నమూనా ఎంచుకున్నా, విశాఖ మే నెల ఉక్కపోతలో యానిమల్ హౌస్ ఏసీ ఆగితే గర్భిణి ఎలుక ఒత్తిడికి లోనవుతుంది. ఆ ఒత్తిడి ఒక్కటే పిల్లల డోపమైన్‌ను మార్చగలదు. కాబట్టి పోలిక కోసం మందు బదులు సెలైన్ (ఉప్పునీరు) ఇచ్చే గ్రూపు అదే గదిలో, అదే వారంలో ఉండాలి. ఒక తల్లికి పుట్టిన పది పిల్లలు గణాంకాల్లో ఒక్క లెక్కే. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫారం-బీలో జంతువుల సంఖ్యకు కారణం రాసేటప్పుడు, పిల్లల సంఖ్యతో పాటు గ్రూపుకు ఎన్ని తల్లులో విడిగా చూపాలి.