చెనిక్కాయ ఎక్కడ కాస్తుంది?

చిత్తూరు జిల్లాలో ఏ ఐదో తరగతిలోనైనా అడిగి చూడండి: చెనిక్కాయ వేరుకు కాస్తుందా? పుస్తకంలో ‘వేరుశనగ’ అని ఉంటుంది కాబట్టి అవుననే పిల్లలు ఉంటారు. అమ్మానాన్నలతో చేనికి వెళ్లే పిల్ల మాత్రం పువ్వు వాడాక ఊడ కిందికి దిగి, మట్టిలో కాయ ఊరుతుందని బొమ్మ గీసి చూపిస్తుంది. బిట్టు పేపర్లో ఆ బొమ్మకు చోటు లేదు. ప్రాథమిక బడిలో సైన్సును అంచనా వేసే తీరు మారాలనడం అందుకే.

ఈ మాట నిన్నటిది కాదు. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాలను తరగతిలోకి తెచ్చింది. బోధన కొంత కదిలింది, పరీక్ష అంతగా కదల్లేదు. ఇంచుమించు ఆ కాలంలోనే, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, రిషి వ్యాలీ అనే ఆశ్రమ పాఠశాల వాళ్లు నడిపే పల్లె బడుల్లో వేరే దారి పడింది. పాఠాన్ని కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. కొత్త సంగతి ఒక మెట్టు, అభ్యాసం ఇంకో మెట్టు, ఆ తర్వాత మూల్యాంకనం. తడబడిన బిడ్డకు సాయంగా మరో కార్డు. ఎవరి వేగం వాళ్లది. అంచనా చదువులోనే కలిసిపోయింది. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని అందుకున్నాయి. మన గడ్డ మీద పుట్టిన దీన్ని మనం ఇంకా గట్టిగా పట్టుకుని ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం, 29వ సెక్షన్‌లో, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని, అంటే ఏడాది పొడవునా బిడ్డను అన్ని వైపుల నుంచీ గమనిస్తూ అంచనా వేయడాన్ని, చట్టబద్ధం చేసింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక పత్రం, ఆ వెంట కొత్త పాఠ్యపుస్తకాలు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అంటూ నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే చదువు సాగుతుండగానే వేసే అంచనాకు, నాలుగు సాధనాలు వచ్చాయి. ఆలోచన చక్కనిది. కానీ అయిదు తరగతులకూ ఒక్కరే టీచరైన బడిలో అది రిజిస్టరు నింపే పనిగా మిగిలితే తప్పు ఆ టీచరుది కాదు. బిడ్డ జవాబు వెనకున్న ఆలోచనను ఎలా పట్టుకోవాలో పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. ఫార్మాట్ల మీద ఉపన్యాసాలు ఆ పని చేయవు.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట చాలు. తలా మూడు నోటు పుస్తకాలు తెచ్చుకుని, పిల్లలు గీసిన చెనిక్కాయ బొమ్మలు ముందు పెట్టుకోవాలి. ఈ బిడ్డ ఊడను వేరు అనుకుంటోందా, రేపు ఆమెను ఏమడగాలి, చేనికి తీసుకెళ్లి ఏం చూపించాలి అని కలిసి మాట్లాడుకోవాలి.