కౌర్ణ మళ్ళీ వినిపిస్తోంది

1838 అక్టోబరులో క్రిస్టియన్ టైషెల్మన్, క్లామర్ షూర్మన్ అనే ఇద్దరు జర్మన్ లూథరన్ మిషనరీలు అడిలైడ్‌లో ఓడ దిగారు. బ్రిటిష్ వాళ్ళు సౌత్ ఆస్ట్రేలియా కాలనీ మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళే అయింది. అడిలైడ్ చుట్టూ ఉన్న మైదానాలు కౌర్ణ అనే మూలవాసులవి. వాళ్ళ భాష పేరూ కౌర్ణే. క్రీస్తు గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ భాష రావాలని ఈ ఇద్దరూ నమ్మారు. ముల్లావిర్రబుర్కా, కడ్లిట్పిన్నా వంటి కౌర్ణ పెద్దలు వాళ్ళకు భాష నేర్పారు. 1839 డిసెంబరులో టారెన్స్ నది ఒడ్డున, పిల్టావోడ్లి అనే చోట బడి తెరిచారు. అక్కడ పిల్లలకు కౌర్ణలోనే చదవడం, రాయడం నేర్పేవారు. 1840లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. అందులో కౌర్ణ వ్యాకరణం, సుమారు 2,000 మాటలు, 200 దాకా వాక్యాలు ఉన్నాయి.

ఆ బడి ఎక్కువ కాలం నడవలేదు. 1845లో మూసేసి, పిల్లల్ని ఇంగ్లిష్ మాత్రమే నేర్పే బడికి మార్చారు. భూమి అప్పటికే చేజారిపోయింది. తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడక ముందే మశూచి చాలామందిని పొట్టన పెట్టుకుంది. మిగిలినవాళ్ళు దూరాన మిషనరీలు నడిపే స్థావరాలకు (మిషన్లకు) చేరి, వేరే భాషల వాళ్ళతో కలిసి బతకాల్సి వచ్చింది. అందరికీ పనికొచ్చే భాషగా ఇంగ్లిష్ మిగిలింది. 1860ల నాటికే కౌర్ణ రోజువారీ వాడుకలోంచి తప్పుకుందని అంచనా. ఆ భాష చిన్నప్పటి నుంచీ తెలిసినవారిలో చివరివారని చెప్పే ఇవారిట్జి అనే పెద్దావిడ 1929లో చనిపోయారు.

ఆస్ట్రేలియా అంతటా జరిగింది దాదాపు ఇదే. బ్రిటిష్ వాళ్ళు వచ్చి స్థిరపడ్డ 1788లో అక్కడ 250కి పైగా మూలవాసుల భాషలు ఉండేవి. 2018-19లో ప్రభుత్వం చేయించిన జాతీయ సర్వే చూస్తే, పిల్లలు పుట్టినప్పటి నుంచీ నేర్చుకుంటూ పెరుగుతున్న పాత భాషలు 12 మాత్రమే. భాషలు వాటంతట అవే తగ్గిపోలేదు. 20వ శతాబ్దంలో సగానికి పైగా ప్రభుత్వాలు, మిషన్లు కలిసి మూలవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీశాయి. అలా విడదీసిన పిల్లలు తమ భాష మాట్లాడితే చాలాచోట్ల శిక్షలు పడేవి. అమ్మమ్మకు, మనవరాలికి మధ్య ఉన్న తాడు తెగితే ఏ భాషైనా ఒక తరంలోనే మూగబోతుంది. ఈ దుర్మార్గానికి ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008లో.

కౌర్ణ కథ అసలు ఆసక్తి పుట్టించేది ఇక్కడి నుంచే. ఆ భాషను ధారాళంగా మాట్లాడినవాళ్ళ గొంతు రికార్డు ఒక్కటీ లేదు. ఉన్నవి కాగితాలే: 1840 నాటి పుస్తకం, టైషెల్మన్ 1857లో రాసి దక్షిణాఫ్రికాకు పంపిన చేతిరాత పదకోశం, పిల్టావోడ్లి పిల్లలు తమ భాషలో రాసిన కొన్ని ఉత్తరాలు. యూదుల ప్రాచీన భాష హీబ్రూను తిరిగి మాట్లాడే భాషగా చేసినవాళ్ళ దగ్గర వేల ఏళ్ళ సాహిత్యం ఉంది, ప్రార్థనల్లో అది రోజూ పలుకుతూనే ఉంది. కౌర్ణకు ఆ వైభవం లేదు. అయినా 1980లలో కౌర్ణ కుటుంబాల వాళ్ళు ఆ కాగితాల్ని వెతుక్కుంటూ వచ్చారు.

కాగితం మీది మాటను ఎలా పలకాలి? తెలుగువాళ్ళం ఈ చిక్కును తేలిగ్గానే పట్టుకోగలం. మనకు న వేరు, ణ వేరు. ల వేరు, ళ వేరు. నాలుక కొన పైకి మడిచి పలికే ఈ మూర్ధన్య ధ్వనులు ఆస్ట్రేలియా భాషల్లో చాలావాటికి ఉన్నాయి, కౌర్ణలోనూ ఉన్నాయి. జర్మన్‌లో లేవు. పైగా కౌర్ణలో పళ్ళకు నాలుక తగిలించి పలికేవి, పళ్ళ వెనక చిగుళ్ళకు తగిలించి పలికేవి కూడా వేర్వేరు ధ్వనులు. ఆ ఇద్దరు మిషనరీల చెవికి ఈ తేడాలు కొన్నిసార్లు అందాయి, చాలాసార్లు అందలేదు. ఒకే రకం ధ్వనిని ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా రాశారు. క బదులు గ పలికినా ఆ భాషలో అర్థం మారదు. వాళ్ళు మాత్రం వినపడినప్పుడల్లా రెండక్షరాల్లో ఏదో ఒకటి వాడారు.

(మూర్ధన్యాలు ఉన్నాయి, మాట చివర ప్రత్యయాలు చేరతాయి కాబట్టి ఈ భాషలు మన ద్రావిడ భాషలకు చుట్టాలని 19వ శతాబ్దంలో కొందరు వాదించారు. నేటి భాషాశాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోరు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు.)

దారి చూపింది పొరుగు భాషలు. కౌర్ణ, నుకును, అడ్న్యమథన్హ ఒకే కుటుంబానికి చెందినవి. అడ్న్యమథన్హ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నుకును తెలిసిన చివరి తరాన్ని లూయీస్ హెర్కస్ అనే భాషాశాస్త్రవేత్త టేపుల మీద రికార్డు చేశారు. నిప్పు అనే మాటనే చూడండి. దాన్ని మిషనరీలు నాలుక మడత తెలిపే ఆర్ అక్షరం లేకుండా రాశారు. అడ్న్యమథన్హలో అదే మాట మొదటి క పోగొట్టుకుని మిగిలింది, అందులో మూర్ధన్యం స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి కౌర్ణలోనూ అదే ఉండి ఉంటుందని లెక్క. ఇలా మాట మాటకూ సాక్ష్యం వెతికి, 2010లో కౌర్ణ పెద్దలు కొత్త స్పెల్లింగ్ పద్ధతిని ఖాయం చేశారు. ఇంత నిదానంగా, ఒప్పించి ఒప్పుకుని చేసిన పనిని నేను మంచి పరిశోధనకు నమూనాగా చూస్తాను.

ఈ పనిలో నిపుణులు ఎంత ముఖ్యమో, ఎవరి మాట చెల్లాలన్నది అంతకంటే ముఖ్యం. రాబ్ ఎమరీ అనే భాషాశాస్త్రవేత్త 1980ల చివరి నుంచీ కౌర్ణ వాళ్ళతో కలిసి పనిచేస్తున్నారు. 2002లో లూయిస్ ఓబ్రయన్, అలిట్య రిగ్నీ అనే ఇద్దరు కౌర్ణ పెద్దలు, ఎమరీ కలిసి ‘కౌర్ణ వర్ర పింట్యంతి’ అనే బృందాన్ని మొదలుపెట్టారు. అడిలైడ్‌లో ఒక పార్కుకో భవనానికో కౌర్ణ పేరు పెట్టాలంటే ఈ బృందాన్ని అడుగుతారు. కొత్త మాట కావాలన్నా పెద్దల దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిందే. కంప్యూటర్‌కు మెదడు, మెరుపు అనే పాత మాటల్ని కలిపి ‘ముకర్ంటు’ అన్నారు. అంకెలు పుట్టిన తీరు ఇంకా బావుంది. కౌర్ణ వాళ్ళు పిల్లలకు పుట్టిన వరసను బట్టి పేర్లు పెట్టేవారు. మొదటి మగపిల్లాడికి ఒక పేరు, మొదటి ఆడపిల్లకు ఒక పేరు, అలా తొమ్మిదో కాన్పు దాకా. పెద్ద అంకెలకు మాటలు దొరకనప్పుడు ఆ పేర్ల నుంచే అంకెల్ని తీశారు. ఇంగ్లిష్ నుంచి అరువు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

ఖాళీలు మాత్రం బాధ పెడతాయి. మిషనరీలు పది ఆజ్ఞల్ని కౌర్ణలోకి అనువదించారు, జర్మన్ కీర్తనల్ని అనువదించారు. కానీ తల్లి పసిబిడ్డతో ఏమని ముచ్చటాడుతుంది, అలిగిన పిల్లాణ్ణి ఎలా బుజ్జగిస్తుంది, అన్నం దగ్గర ఏమంటుంది? ఇవన్నీ వాళ్ళు రాసి పెట్టుకోవాల్సినవిగా తోచలేదు. ఈనాడు ఇంట్లో కౌర్ణ మాట్లాడాలనుకునే తల్లిదండ్రులకు కావాల్సింది సరిగ్గా అదే. అందుకే బృందం పిల్లలతో మాట్లాడే మాటల్ని, ఫుట్‌బాల్ మైదానంలో అరిచే మాటల్ని, అంత్యక్రియల్లో చెప్పాల్సిన మాటల్ని ఒక్కొక్కటిగా కూర్చుకుంది. బతికున్న చిన్న భాషల్ని ఈరోజు రికార్డు చేసేవాళ్ళు కథలు, పాటల కంటే ముందు వంటింటి మాటలు, తగవులు, లాలనలు పట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

షూర్మన్ 1840లోనే సౌత్ ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్ వెళ్ళిపోయి అక్కడ బార్ంగర్ల భాష నేర్చుకున్నారు. 1844లో సుమారు 3,500 మాటల పదకోశం అచ్చువేశారు. బార్ంగర్ల మాతృభాషగా మాట్లాడే చివరి వ్యక్తి 1960లో కన్నుమూశారు. 2011లో గిల్ఆద్ జుకర్మన్ అనే భాషాశాస్త్రవేత్త ఆ పదకోశం పట్టుకుని, మీ భాషను తిరిగి నేర్చుకోవాలని ఉందా అని ఆ ప్రజల్ని అడిగారు. యాభై ఏళ్ళుగా మీకోసమే చూస్తున్నామని వాళ్ళు జవాబిచ్చారట. అప్పటి నుంచి వర్క్‌షాపులు నడిచాయి, పదకోశం ఫోన్ యాప్‌గానూ వచ్చింది. వచ్చినవాళ్ళలో చిన్నతనంలో ఇంటి నుంచి ఎత్తుకుపోబడినవాళ్ళూ ఉన్నారు.

మనవైపు గిడుగు రామమూర్తి ఇలాంటి పనే చేశారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవరల పిల్లలకు వాచకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువులు తయారుచేశారు. సవర నేటికీ శ్రీకాకుళం కొండల్లోనూ ఒడిశాలోనూ బతికే ఉంది.

ఇంత శ్రమా డబ్బూ పోసినా ధారాళంగా మాట్లాడేవాళ్ళు కొద్దిమందే కదా అనేవాళ్ళున్నారు. తల లెక్కతో ఈ పనిని కొలవడం సరికాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూలవాసుల సమూహాలపై పరిశోధన చేసి 2007లో ప్రచురించారు. సగం మందికైనా సొంత భాషలో మాట్లాడటం వచ్చిన కొద్ది సమూహాల్లో యువకుల ఆత్మహత్యలు అసలు కనిపించలేదు. భాషే దానికి కారణమని ఆ పరిశోధన రుజువు చేయలేదు. భూమి మీద, బడుల మీద పట్టున్న సమూహాలే భాషనూ నిలుపుకుని ఉండొచ్చు. అయినా ఆ సంబంధాన్ని తేలిగ్గా తీసేయలేం.

ఇప్పుడు కౌర్ణ యూనివర్సిటీలో పాఠంగా ఉంది, కొన్ని బడుల్లో వేరే జాతుల పిల్లలూ నేర్చుకుంటారు. 2022లో కొత్త నిఘంటువు వచ్చింది. జాక్ కన్య బక్‌స్కిన్ అనే యువ ఉపాధ్యాయుడు తన బిడ్డతో పుట్టినప్పటి నుంచీ కౌర్ణలో మాట్లాడారు. అలా పెరిగే పిల్లల కౌర్ణ ముల్లావిర్రబుర్కా మాట్లాడిన కౌర్ణ కాదు. దాని లయలో, వాక్యాల్లో ఇంగ్లిష్ జాడ తప్పకుండా ఉంటుంది. జుకర్మన్ వాదన ప్రకారం నేటి హీబ్రూలోనూ యిడ్డిష్ వంటి యూరప్ భాషల ముద్ర అంతే బలంగా ఉంది. తిరిగి లేచిన ఏ భాషా పాతదాని నకలు కాబోదు. ఏ మార్పును ఉంచుకోవాలో, దేన్ని దిద్దుకోవాలో తేల్చాల్సింది కౌర్ణ ప్రజలే, తమ సమావేశాల్లో వాళ్ళు చేస్తున్నదీ అదే.