"కూర్చో" అంటే లేచే పిల్లలు

ఒకటో తరగతి పిల్లలు మాటిమాటికీ సీట్లోంచి లేస్తుంటే ఏ టీచరైనా "కూర్చో!" అనే అంటారు. ఆ మాట నిజంగా పనిచేస్తుందా అని అమెరికాలో చార్ల్స్ మ్యాడ్సన్, వెస్లీ బెకర్, వాళ్ల తోటి పరిశోధకులు ఒక ఒకటో తరగతి గదిలోనే లెక్కపెట్టి చూశారు. 1968లో వెలువడిన ఆ ఫలితాలు కాస్త తమాషాగా ఉన్నాయి. టీచర్లు "కూర్చో" అనడం పెంచితే లేచి తిరగడమూ పెరిగింది. కుదురుగా పని చేసుకుంటున్న పిల్లల్ని మెచ్చుకోవడం మొదలుపెట్టాక తగ్గింది.

మరి ఈ సంగతి టీచర్లకు ఎందుకు తట్టదు? అరవగానే పిల్లలు నిజంగానే కూర్చుంటారు కాబట్టి. అరుపు పనిచేసిందనే అనిపిస్తుంది. అయితే లేస్తే టీచర్ తనవైపు చూస్తారని ఆ పిల్లవాడికీ తెలిసిపోతుంది. నలభై మందిలో తన ఒక్కడినే చూడటం ఆరేళ్లవాడికి చిన్న విషయమా? తిట్టడానికి చూసినా సరే. మన బళ్లలో క్లాస్ లీడర్ బోర్డు మీద "మాట్లాడినవారు" అని పేర్లు రాస్తాడు కదా, అదీ ఇలాంటిదే. పేరు పక్కన ఇంటూలు పెరిగేకొద్దీ వెనక బెంచీవాడు హీరో అయిపోతాడు.

1970లో డేనియల్ ఓలియరీ బృందం ఇంకో కిటుకు పరీక్షించింది. క్లాసంతా వినేలా మందలించే టీచర్ల చేత, ఆ పిల్లవాడికి మాత్రమే వినపడేలా చెప్పించారు. చాలామంది పిల్లల్లో అల్లరి తగ్గింది. మళ్లీ గట్టిగా మందలిస్తే మళ్లీ పెరిగింది.

ఆచరణలో ఇది పెద్ద పనేం కాదు. పాఠం ఆపకుండానే ఆ బెంచీ దాకా నడిచి, పుస్తకంలో వాడు ఆగిపోయిన లెక్క మీద వేలు పెట్టి, "ఇక్కడి నుంచి చెయ్యి నాన్నా" అని మెల్లగా అంటే చాలు. రెండు నిమిషాలయ్యాక వాడు రాస్తూ కనిపిస్తే, "రెండు లెక్కలు అయిపోయాయే!" అనాలి. ఊరికే "గుడ్ బాయ్" అంటే దేనికి మెచ్చుకున్నారో వాడికి అర్థం కాదు.

చిన్న చిన్న అల్లరిని చూసీ చూడనట్టు వదిలేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. మొదట్లో అది తగ్గకపోగా పెరగొచ్చు కూడా. ఇదివరకు పెన్సిలుతో బల్ల కొట్టినవాడు ఇప్పుడు పలకతో కొడతాడు. అక్కడ విసిగిపోయి అరిస్తే, ఇంకాస్త గట్టిగా కొట్టాలని మనమే నేర్పినట్టు. పక్కవాడిని గిల్లడం, కొట్టడం లాంటివి మాత్రం చూస్తూ ఊరుకోకూడదు, వెంటనే ఆపాల్సిందే.

బెత్తం గురించి నాకు చర్చ అనవసరం అనిపిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీకీ అందులో మినహాయింపేం లేదు.

అన్నిటికంటే ముందు, అది అసలు అల్లరేనా అని చూసుకోవాలి. బోర్డు సరిగా కనపడని పిల్ల పక్కదాని పుస్తకంలోకి తొంగి చూస్తుంది, లేచి నిలబడుతుంది, అడిగిందే అడుగుతుంది. అలాంటి పిల్లను ముందు బెంచీకి మార్చి, కళ్లు పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలి.