ఎర్ర పెంకుల స్పానిష్ ఇళ్ళు: కింద నిలబడి అనుకునేవి, నిచ్చెన ఎక్కితే కనిపించేవి

లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల పాత ఇళ్ళను తనిఖీ చేయడం నా పని. బేరం కుదిరి, ఎస్క్రో (డబ్బు, కాగితాలు మధ్యవర్తి దగ్గర ఉంచే ఏర్పాటు) తెరిచాక కొనేవాళ్ళు నన్ను పిలుస్తారు. కప్పెక్కుతాను, నేల కింద జానెడు సందులోకి మోకాళ్ళ మీద దూరతాను, గోడలు కొట్టి చూస్తాను. ఈమధ్య మనవాళ్ళ ఫోన్లు బాగా పెరిగాయి. ఒకే అచ్చులో పోసినట్టుండే కొత్త కాలనీలు చూసి విసుగెత్తి, 1920ల నాటి స్పానిష్ ఇంటి మీద మనసు పడ్డవాళ్ళే అందరూ. తెల్లగోడ, ఎర్ర పెంకు, వంపు గుమ్మం, కిటికీకి ఇనప చువ్వలు. "చూడగానే మా అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చిందండీ" అన్నారొకావిడ. ఆ మాటకు నేనేం అడ్డు చెప్పను. ఆ తర్వాత వచ్చే మాటలతోనే నాకు పేచీ.

"ఇది స్పెయిన్ వాళ్ళ కాలం నాటి ఇల్లు"

కాదు. కాలిఫోర్నియాలో స్పెయిన్ పాలన 1821తోనే ముగిసింది. వాళ్ళు మొదలుపెట్టిన వరసలో మిషన్లు, అంటే క్రైస్తవ మతప్రచార కేంద్రాలు, మొత్తం 21. మొదటిది 1769లో శాన్ డియేగోలో, చివరిది మెక్సికో పాలన వచ్చాక 1823లో సొనోమాలో. ఆ గోడలు లేపింది చాలావరకు అక్కడి మూలవాసుల చేతులు. అమ్మకానికి వేసే బ్రోచర్లలో ఆ మాట ఎక్కడా కనపడదు.

మనం మోజుపడే ఇళ్ళు దాదాపు వందేళ్ళ తర్వాతివి. పనామా కాలువ తెరిచిన సందర్భంగా 1915లో శాన్ డియేగోలో పెద్ద ప్రదర్శన పెట్టారు. బెర్ట్రామ్ గుడ్‌హ్యూ అనే వాస్తుశిల్పి అక్కడ స్పానిష్, మెక్సికన్ పద్ధతిలో నగిషీలు నిండిన భవనాలు గీశాడు. జనం వెర్రెక్కిపోయారు. ఆ తర్వాత శాంటా బార్బరా పక్కనున్న మాంటెసిటోలో జార్జ్ వాషింగ్టన్ స్మిత్ లాంటి వాస్తుశిల్పులు ఆ నగిషీలన్నీ తీసేసి, దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా పల్లెల్లోని రైతిళ్ళలా సాదా తెల్లగోడలు కట్టారు. 1925 జూన్ 29న భూకంపం శాంటా బార్బరా నడిబొడ్డును కూల్చేసింది. ఊరి పెద్దలు పట్టుబట్టి మళ్ళీ ఇదే శైలిలో కట్టించారు. 1929లో పూర్తయిన అక్కడి కోర్టు భవనం ఇప్పటికీ చూడదగ్గది. అదే 1925లో శాన్ క్లెమెంటే ఊరు వేసిన ఓలే హాన్సన్ అయితే స్థలం దస్తావేజులోనే రాయించాడు: గోడ తెల్లగా, కప్పు ఎర్ర పెంకుతో ఉండాలని.

అంటే ఇది పాతదనం మీద మోజుతో కట్టిన ఇల్లు. ఇప్పుడు అది కూడా పాతదైపోయింది, అంతే.

"మందపాటి మట్టి గోడలు, అందుకే చల్లగా ఉంటుంది"

గోడ మీద వేలి కణుపుతో కొట్టండి. మట్టి గోడైతే బండను కొట్టినట్టుంటుంది. ఈ ఇళ్ళలో ఎక్కువ భాగం డొల్ల శబ్దమే. లోపల చెక్క నిట్రాళ్ళు, వాటికి అడ్డంగా సన్న బద్దలు, వాటి మీద మూడు పూతల స్టకో, అంటే సిమెంటు గచ్చు. మొత్తం పూత అంగుళం కూడా ఉండదు. మరి కిటికీ దగ్గర గోడ అంత లోతుగా ఎందుకుంది? కాస్త డబ్బున్నవాళ్ళు కిటికీ దగ్గర చెక్క చట్రాన్ని రెండు వరసలు వేయించి ఆ లోతు తెప్పించారు. ఒకరకంగా నాటకం సెట్టే. కానీ తెలివైన సెట్టు: లోతుగా కూర్చున్న కిటికీ మీద మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడదు. చల్లదనం ఆ నీడది, చిన్న కిటికీలది, నడవాది, రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే గాలిది.

అసలైన పచ్చి ఇటుక ఇళ్ళు చూడాలంటే న్యూ మెక్సికో వెళ్ళాలి. శాంటా ఫేలో 1957 నుంచి పాతపేటలో ఏం కట్టినా ఊరి శైలికి తగ్గట్టే ఉండాలని చట్టం. తావోస్ దగ్గర రాంచోస్ అనే చోట పాత మట్టి చర్చి ఉంది. 1960లలో దానికి సిమెంటు పూశారు, ఏటేటా అలికే బాధ తప్పుతుందని. లోపలికి చేరిన తడి బయటికి రాలేక ఇటుక నానడం మొదలైంది. చివరికి సిమెంటంతా ఊడబీకి, మళ్ళీ మట్టే పూశారు. ఇప్పటికీ ఊరివాళ్ళు ఏటా కలిసి అలుకుతారు.

మన స్టకో ఇళ్ళకీ దాదాపు ఇదే జబ్బు. అమ్మే ముందు మెరుపు కోసం రబ్బరు సాగినట్టు సాగే పెయింటు దట్టంగా కొట్టిస్తారు. కిటికీ పక్క పగులులోంచి దూరిన నీళ్ళు ఆ పొర వెనక చిక్కుకుంటాయి. గోడ మీద బొబ్బలు కనిపిస్తే నేను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూస్తాను. చాలాసార్లు అది బద్దలోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. తర్వాత అక్కడికి చెదలు వస్తాయి, వాటికి వేరే పిలుపు అక్కర్లేదు.

"పెంకు కప్పు కదా, జీవితకాలం నిశ్చింత"

ఇక్కడే ఎక్కువమంది జేబు చిల్లుపడుతుంది.

ముందు ఒక కథ తీసేద్దాం. ఈ పెంకులను మిషన్లలో పనివాళ్ళు తమ తొడల మీద వంచి చేశారని గైడ్లు చెబుతుంటారు. తడిమట్టి ఆరేదాకా తొడ కదపకుండా కూర్చునేవాడెవడు? చెక్క అచ్చు మీద వంచారు. మన ఊళ్ళలో కుమ్మరి సారె మీద గొట్టం లాగి, నిలువునా రెండుగా చీల్చి గూన పెంకులు చేసినట్టే, ఒకవైపు సన్నం, ఒకవైపు వెడల్పు. అందుకే ఒకదాని మీద ఒకటి ఒదుగుతాయి.

పెంకు వందేళ్ళుంటుంది, నిజమే. కానీ నీళ్ళను ఆపేది పెంకు ఒక్కటే కాదు. దాని కింద తారు పట్టించిన ఫెల్టు ఉంటుంది. దాని ఆయుష్షు ఇరవై, ముప్ఫై ఏళ్ళు. నేను ఓ మూల పెంకు నెమ్మదిగా లేపి చూస్తాను. ఎండుటాకులు, కందిరీగ గూడు, వాటి కింద అప్పడంలా పొడిపొడి అయిపోయిన నల్ల కాగితం. పైనుంచి చూస్తే కప్పు పెళ్ళికూతురిలా ఉంటుంది.

ఇంకో తమాషా. వీధిలోంచి చూస్తే ఇల్లంతా పెంకే అనిపిస్తుంది. పైకెక్కితే ముందు వైపు మూడు వరసలే పెంకు, మిగతాదంతా చదును కప్పు, చుట్టూ పిట్టగోడ. నీళ్ళు పోవడానికి చిన్న తూములు. వాటిలో బోగన్‌విల్లా పూలు కూరుకుపోతే ఒక్క వానకి పైన చెరువే. పనిలోకొచ్చిన మొదటి ఏడాది నేను అలాంటి ఇంటికి కింద నిలబడే 'కప్పు బాగుంది' అని రాసిచ్చాను. ఫిబ్రవరి వానకి వాళ్ళ హాలు సీలింగు సోఫా మీద పడింది. ఆ ఫోను కాల్ ఇప్పటికీ గుర్తే. నిచ్చెన లేకుండా మళ్ళీ ఏ ఇంటికీ పోలేదు.

"మట్టి పెంకు కాలదు, కాబట్టి అగ్గి భయం లేదు"

పెంకు కాలదు. కానీ చూరు దగ్గర ప్రతి గూన పెంకూ ఒక తెరిచిన నోరు. గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ అందులోంచి దూరి, ఎండుటాకుల మీద కూర్చుంటుంది. ఆ నోళ్ళు గచ్చుతోనో బిళ్ళలతోనో మూయించడం పెద్ద ఖర్చు కాదు. 2025 జనవరి మంటల తర్వాత లాస్ ఏంజెలిస్ పక్కనున్న ఆల్టడీనాలో ఇళ్ళు పోయి పొగగొట్టాలు మాత్రం నిలబడిన చోట, వాలంటీర్లు వెళ్ళి వాటికున్న, బాచెల్డర్ అనే కళాకారుడి కార్ఖానాలో తయారైన పాత టైల్స్‌ను ఒక్కొక్కటిగా ఊడదీసి దాచారు. ఆ ఫొటోలు ఎక్కువసేపు చూడలేకపోయాను.

"వందేళ్ళు భూకంపాలు తట్టుకుంది, ఇంకేమవుతుంది"

పెద్దది దాని కింద ఇంకా రాలేదేమో. ఆ కాలం ఇళ్ళు చాలావాటిని పునాదికి బోల్టులతో బిగించలేదు, ఊరికే కూర్చోబెట్టారు. కింద పొట్టి చెక్క గోడలుంటే వాటికి ప్లైవుడ్ కొట్టించాలి. అర్హత ఉంటే రాష్ట్రంలో దీనికి గ్రాంటు కూడా దొరుకుతుంది. ఇటుక పొగగొట్టం పక్కన మాత్రం పిల్లల మంచం వేయకండి.

"చారిత్రక ఇల్లని ముద్ర పడితే మేకు కొట్టనివ్వరు"

లాస్ ఏంజెలిస్ నగరం గుర్తించిన పాత పేటల్లో వాళ్ళ చూపు ప్రధానంగా బయటి రూపం మీద. లోపల మీ వంటింట్లో గ్రైండర్ ఎక్కడ పెట్టుకుంటారో ఎవరికీ పట్టదు. పైగా 1972 నాటి మిల్స్ చట్టం కింద నగరంతో పదేళ్ళ ఒప్పందం చేసుకుంటే ఆస్తి పన్ను తగ్గొచ్చు, బదులుగా ఇంటిని సరిగ్గా చూసుకోవాలి. అన్ని ఊళ్ళలో లేదు, ముందే అడగండి.

"కొత్త కాలనీ 'మెడిటరేనియన్' ఇల్లూ ఇదే కదా, తలనొప్పి లేకుండా"

తలనొప్పి తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పెంకు సిమెంటుది, అలలా వంపు తిరిగిన ఒకే బిళ్ళ. కిటికీ చుట్టూ ఉన్న అంచు నురగ ముక్క మీద పూసిన స్టకో. సాయంత్రం ఏటవాలు ఎండలో పాత గోడ పక్కన నిలబడండి. మేస్త్రీ తాపీ తిప్పిన చోటల్లా నీడ కదులుతుంది. కొత్త గోడ మీద ఎండ అలా జారిపోతుంది. పాత ఇంటికొచ్చి మొదటి నెలలోనే చెక్క కిటికీలు పీకించి, గోడ అంచుకి సమానంగా ప్లాస్టిక్‌వి బిగించేవాళ్ళను చూస్తే అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ లోతు పోయాక మిగిలేది తెల్ల పెట్టె.

అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చిందన్న ఆవిడ ఆ ఇల్లు కొన్నారు. ధర తగ్గించుకుని ఫెల్టు మొత్తం మార్పించారు. పెంకులు దించేటప్పుడు వందకి పది పన్నెండు పగిలాయి. కొత్తవి తెచ్చి నీళ్ళు పారే కింది వరసలో వెల్లకిలా తిప్పి పేర్చారు, పాతవి కనిపించేలా పైన కప్పారు. వీధిలోంచి చూసి ఏం మారిందో మొన్న నేనే చెప్పలేకపోయాను.