కార్బన్ రింగులు: ఇంటర్వ్యూల్లో నాకు వినిపించే అపోహలు

జీడిమెట్లలో ప్రాసెస్ కెమిస్ట్‌గా, అంటే ల్యాబ్ ఫ్లాస్క్‌లో చేసిన రియాక్షన్‌ను ఫ్యాక్టరీ రియాక్టర్‌లో కిలోల లెక్కన నడిపే పనిలో ఉన్నాను. ఎమ్మెస్సీ అయ్యాక అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల్ని కార్బన్ పరమాణువులను ఉంగరంలా కలిపి రింగు ఎలా కడతారని అడగడం నాకు అలవాటు. డీల్స్-ఆల్డర్, డీక్‌మన్, రాబిన్సన్ అంటూ రింగు కట్టే రియాక్షన్ల పేర్లు గడగడా అప్పజెప్తారు. ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం తడబడతారు.

అపోహ: రింగు పెద్దదైతే స్ట్రెయిన్ (బంధాలు వంగడం వల్ల వచ్చే ఒత్తిడి) ఎక్కువ, నిలవదు.

1885లో జర్మన్ కెమిస్ట్ బేయర్ కూడా దాదాపు ఇదే అన్నాడు. రింగులన్నీ బల్లపరుపుగా ఉంటాయనుకుని లెక్క కట్టాడు. నిజానికి అవి మెలికలు తిరిగి సర్దుకుంటాయి. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం సంగతి మనకు తెలిసిందే. పునుగు వాసనకు మూలమైన సివెటోన్‌లో 17 కార్బన్ల రింగుంది. కస్తూరిలోని మస్కోన్‌లో 15. ఈ సంగతి 1926లో రుజిక్కా అనే కెమిస్ట్ తేల్చాడు. పునుగుపిల్లి బేయర్ పేపర్ చదవలేదు మరి!

పెద్ద రింగు నిలవడం కష్టం కాదు, మూయడమే కష్టం. చేగోడీలు చుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తాళ్లలా పాకించిన పిండిని పళ్లెంలో ఇరుకుగా పేరిస్తే, తన రెండో కొసను కలిసేలోపు పక్కదానికి అతుక్కుంటుంది. అణువులదీ అదే గొడవ. 5, 6 కార్బన్ల రింగులు ఇట్టే మూసుకుంటాయి. అన్నిటికన్నా మొండివి 8 నుంచి 11 వరకు. మూడు కార్బన్ల రింగులో స్ట్రెయిన్ విపరీతం. అయినా కొసలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలాసార్లు చకచకా అయిపోతుంది. దోమల కాయిల్‌లో వాడే అల్లెత్రిన్‌లో ఉన్నది ఆ రింగే.

అపోహ: ఫ్లాస్క్‌లో మూసుకున్న రింగు రియాక్టర్‌లోనూ మూసుకుంటుంది.

మూసుకుంటుంది, ఎన్ని కిలోలు అన్నదే ప్రశ్న. పక్కదానికి అతుక్కోకుండా ఉండాలంటే బాగా పలుచన చేయాలి. 0.01 మోలార్‌లో, అంటే లీటరుకు 0.01 మోల్ చొప్పున నడిపామనుకోండి. ఐదు కేఎల్ (5000 లీటర్ల) రియాక్టర్‌లో 4000 లీటర్ల సాల్వెంట్ (కరిగించే ద్రవం) పోస్తే పట్టేది 40 మోల్స్. అణుభారం 500 అయితే 20 కిలోలు. ఆ సాల్వెంటంతా మళ్లీ ఆవిరిచేసి లాగాలి. ఈ లెక్క వేయమంటే సగంమంది పిల్లలు పెన్ను కింద పెట్టేస్తారు.

హెపటైటిస్-సి కోసం తయారుచేసిన సిలుప్రెవిర్‌లో 15 పరమాణువుల రింగును మెటాథెసిస్‌తో (డబుల్ బాండ్లు జతలు మార్చుకునే రియాక్షన్) మూసేటప్పుడు ఇదే చిక్కు వచ్చింది. ఆ అణువులోని ఒక అమైడ్ నైట్రోజన్ మీద బాక్ అనే గ్రూపు (తర్వాత తీసేయగలిగే తొడుగు) తగిలించగానే 0.2 మోలార్‌లోనూ రింగు మూసుకుంది. అంటే అదే రియాక్టర్‌లో 20 కిలోల చోట 400. ఆ మందు మార్కెట్‌కు రాలేదు, అది వేరే కథ. సాల్వెంట్ పెంచేముందు అణువును ఒకసారి చూడమని నేను పోరేది ఇందుకే.

అపోహ: క్యాటలిస్ట్ చిటికెడే కదా.

చిటికెడే. కానీ మెటాథెసిస్ క్యాటలిస్ట్‌లో ఉండేది రుథీనియం లోహం. నోటి ద్వారా తీసుకునే మందులో అది రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. రింగు ఒక్కరోజులో అయిపోతుంది, ఆ నల్లటి మడ్డిని వదిలించేసరికి వారం.

అపోహ: వేడి పెట్టనిదే డీల్స్-ఆల్డర్ జరగదు.

ఇది నేనూ నమ్మాను. కొత్తలో ఒక డిసెంబరు శనివారం డైసైక్లోపెంటాడైన్ అనే జంట అణువును 170 డిగ్రీల దగ్గర క్రాక్ చేసి (రెండుగా విడగొట్టి), దిగిన సైక్లోపెంటాడైన్‌ను ఫ్లాస్క్‌లో బెంచి మీదే వదిలి ఇంటికెళ్లాను. సోమవారం వచ్చేసరికి కర్పూరంలాంటి వాసన, ఫ్లాస్క్ అడుగున తెల్లటి గడ్డ. వేడి లేదు, క్యాటలిస్ట్ లేదు, డీల్స్-ఆల్డర్‌తో దానికదే జతకట్టి మళ్లీ డైమర్ (జంట అణువు) అయిపోయింది. మా బాస్ ఏమీ అనలేదు, ఫ్లాస్క్ నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఫ్లాస్క్‌లో అయితే పోయింది రెండు రోజుల పని. డ్రమ్ములో అయితే ఆ జతకట్టేటప్పుడు పుట్టే వేడి బయటికి పోయే దారి ఉండదు. ఇప్పుడు ఎవరైనా వారాంతం ముందు క్రాకింగ్ పెడతానని వస్తే, దిగినదాన్ని చల్లగా ఉంచే డ్రై ఐస్ ఎక్కడుందో చూపించేదాకా నేను సంతకం పెట్టను.